అతుకు కనబడని రంగు

బూడిద రంగు వెలవడానికి ఏముందిలే అనుకుంటారు చాలామంది. ఎరుపు వెలుస్తుంది, నీలం వెలుస్తుంది, బూడిద ఇంకేం వెలుస్తుంది, అది పుట్టడమే వెలిసిపోయి పుట్టింది కదా అని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి నేను ఎదురు చెప్పను. ఇరవై ఎనిమిదేళ్ళు విశాఖలో నౌకాదళం విమానాలకి రంగులు వేసినవాణ్ణి. ఒక్క బూడిద రంగులో ఎన్ని రంగులున్నాయో చెప్పడం మొదలుపెడితే ఎదుటివాడు బస్సు వచ్చిందని లేచిపోతాడు.

అయినా కొంచెం చెబుతాను. చెప్పకపోతే నా తమ్ముడి సంగతి మీకు అర్థం కాదు, నేను రాయాలని కూర్చున్నది వాడి గురించే. వాడు పోయి ఐదేళ్ళయింది. అందులో నాలుగేళ్ళు నేను ఒక మాట దాచుకుని బతికాను. ఆ మాట దాచడం వల్ల వాడి ఇంట్లో వాడి పేరు చెడిపోయింది. పెళ్ళాం దగ్గరా, కన్నకూతురి దగ్గరా కూడా.

కొత్తగా రంగు వేసి బయటికి తోసినప్పుడు విమానం పైభాగమంతా ముదురు బూడిద, కడుపు కింద లేత బూడిద. గీత ఎక్కడ గీశామో రంగు అక్కడే ఆగి ఉంటుంది. ఆ ముచ్చట ఒక వేసవి దాటదు. రెక్కల పైన ఎండ పడీ పడీ రంగు పొడి కడుతుంది. వేలితో రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లగా అంటుకుంటుంది. కడుపు కింద ఎండ తగలదు గనక అక్కడ వెలవదు, కాని నూనె కారి కారి పసుపు తిరుగుతుంది. పొగ వచ్చే చోట వెనకంతా గోధుమ రంగు చార పడుతుంది. మనుషులు ఎక్కి దిగే చోట బూట్లకీ చేతులకీ అరిగి నున్నగా మెరుస్తుంది. యుద్ధానికి పోయే విమానానికి మెరుపు పనికిరాదు గనక ఆ మెరుపుని మళ్ళీ చంపాలి. రెక్క మీద గుండ్రంగా ఉండే మూడు రంగుల గుర్తులో ముందు పోయేది కాషాయం, ఎండిన నారింజ తొక్క రంగులోకి వచ్చేస్తుంది. తర్వాత తెలుపు మాసిపోయి పచ్చబడుతుంది. ఆకుపచ్చ మాత్రం మొండిది, చివరిదాకా నిలుస్తుంది. విమానాన్ని ఒకసారి చుట్టి వస్తే, అది ఏ వైపు ముక్కు పెట్టి ఎన్నాళ్ళు ఎండలో నిలబడిందో నేను చెప్పేవాణ్ణి. ఒకే విమానానికి కుడి రెక్క ఎడమ రెక్క కంటే ముసలిదై ఉండేది.

సముద్రం పక్కన ఉండే విమానానికి ఉప్పు గాలి శత్రువు. రంగు కింద రేకు పాడై బొబ్బలు లేస్తాయి. ఆ బొబ్బలు గీకి, ఎమరీ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, దాని మీద అసలు రంగు వెయ్యాలి. డబ్బా మీద నంబరు చూసుకుని అదే రంగు వేసేస్తే పని అయిపోయినట్టే. కాగితాల ప్రకారం అదే సరైన రంగు. కాని వెలిసిన ఒంటి మీద డబ్బా రంగు వేస్తే, పాత లుంగీకి కొత్త గుడ్డ అతుకు వేసినట్టు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిగతా బ్యాచ్‌లవాళ్ళు అలాగే వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. వాళ్ళ పని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను పని నేర్చుకున్నది విజయనగరంలో ఒక లారీ బాడీ షెడ్డులో. గుద్దుకున్న లారీకి తలుపు మార్చి రంగు వేస్తే, ఏ తలుపు మార్చామో లారీ ఓనరుకే తెలియకూడదు. డబ్బాలో రంగు కాదు, బండి ఒంటి మీద ఉన్న రంగు కలపాలి. మా మేస్త్రి మాకు నేర్పిన విద్య అదే. విమానాల దగ్గరికి వచ్చాక కూడా నా బుద్ధి మారలేదు. ముదురు బూడిదలో కొంచెం తెలుపు, ఒక చుక్క పసుపు, ఒక్కోసారి రవ్వంత గోధుమ పోసి, వెలిసిపోయిన రంగునే కొత్తగా తయారుచేసేవాణ్ణి. అంచుల దగ్గర రంగు కొట్టే గన్ను దూరం జరుపుతూ కొత్త రంగుని పాత రంగులోకి కరిగించాలి. పెద్ద ఆఫీసర్లు వచ్చి చుట్టూ తిరిగి, ఎక్కడ వేశావని నన్నే అడిగేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అలా అడిగించుకోవడం కోసమే పని చేశానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. యుద్ధ విమానానికి అతుకు కనబడితే మాత్రం ఎవరికి నష్టం? ఆ ప్రశ్న అప్పుడు ఎవరైనా అడిగుంటే వాణ్ణి కొట్టేవాణ్ణి.

మాది ఆమదాలవలసకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరు. మిషన్ చర్చి నీడలో పెరిగిన కూలి కుటుంబం. ఇద్దరమే అన్నదమ్ములం, వాడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. నడుం పడిపోతుందిరా అని నేనే వాణ్ణి విశాఖ తీసుకుపోయి మా కాంట్రాక్టరు దగ్గర పెట్టించాను. వారమంతా ఇద్దరికీ ఒకే గది, శనివారం సాయంత్రం ఊరికి రైలు, సోమవారం తెల్లవారగానే మళ్ళీ రైలు. అప్పటికి వాడికి పెళ్ళయి, కూతురు పుట్టి ఏడాది. వాణ్ణి తీసుకువెళ్ళిన రోజు మా మరదలు గుమ్మంలో నిలబడి, "నీ కళ్ళ ముందర ఉంటాడు కదా బావా, నాకేటి బెంగ నేదు" అంది.

బస్తాలు మోసిన చేతికి గన్ను ఏం వస్తుంది అనుకున్నాను. వచ్చింది. కొన్నాళ్ళకి నాకంటే బాగా వచ్చింది. వాడి మణికట్టులో ఏదో ఉండేది, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా బరువు పడకుండా తిరిగేది. రెండేళ్ళయ్యేసరికి కాంట్రాక్టరు నన్ను మేస్త్రిని చేశాడు. నేను గన్ను దించేసి రంగులు కలపడం, దూరంగా నిలబడి చూడటం మొదలుపెట్టాను. నా గన్ను వాడి చేతికి వెళ్ళింది.

ఆ రంగు రెండు డబ్బాల రంగు. ఒకదాంట్లో రంగు ఉంటుంది, రెండో దాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డనరు. రెండూ కలిపి గన్నుతో కొడితే గాలిలో లేచే తుంపర ఊపిరితిత్తులకి విషం. ఆ సంగతి డబ్బా మీద ఇంగ్లిషులో రాసే ఉంటుంది. అందుకని మొహమంతా కప్పే మాస్కులు ఇచ్చారు. ఇవ్వలేదని నేను అనను. ముందు అద్దం, పక్కన గాలి గొట్టం. కాని పది నిమిషాలు రంగు కొట్టేసరికి ఆ అద్దం మీద తుంపర పేరుకుని మసక కమ్మేది. అద్దం పైన ఒక పల్చటి పొర అతికించుకుని, మసకబారినప్పుడల్లా దాన్ని పీకి కొత్తది వేసుకోవాలి. ఆ పొరలు స్టోర్లో ఎప్పుడడిగినా అయిపోయాయనేవారు. మసక అద్దంలోంచి చూసేవాడికి ఒక బూడిదకీ ఇంకో బూడిదకీ తేడా తెలియదు.

నేను మేస్త్రినైన కొత్తలో వాడు ఒక విమానం తోక మీద పెద్ద అతుకు వేశాడు. అంచు కరగలేదు. గీత గీసినట్టు చార కనబడుతోంది. మర్నాడు ఆఫీసరు వచ్చి చూస్తాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏటిరా ఇది? గుడ్డోడు ఏసినట్టున్నాది."

వాడు మాస్కులోంచే చెప్పాడు. "అద్దంలోంచి ఏటీ కనబడతనేదు అన్నియ్యా."

"అద్దంలోంచి సూస్తే రంగు అబద్దం సెప్తాది. మాస్కు ఎత్తి సూడు. అంచు తడిగా ఉన్నప్పుడే సూడాల. ఆరిపోనాక సూసి ఏటి లాభం?"

"ఆ గాలి మంచిది కాదంటన్నారు కదా?"

"ఒక్క సణం ఊపిరి బిగబట్టు. సచ్చిపోవులే."

ఆ మాట అన్నది నేను. ఇందులో కాంట్రాక్టరు లేడు, స్టోరు వాడు లేడు, ఆఫీసరు లేడు. విజయనగరం షెడ్డులో మేమంతా ముక్కుకి తువ్వాలు కట్టుకుని రంగు కొట్టేవాళ్ళం, అంచు దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు దించి చూసేవాళ్ళం. దించి చూడనివాణ్ణి మేము పనివాడి కింద లెక్క కట్టేవాళ్ళం కాదు. అక్కడ కొట్టిన రంగు వేరు, ఇక్కడ కొట్టే రంగు వేరు అని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. చార పోవాలన్నదే నా బాధ.

వాడు మాస్కు నుదుటి మీదికి ఎత్తాడు. కళ్ళు చిట్లించి అంచు వైపు చూశాడు. మళ్ళీ దించి, గన్ను రెండు సార్లు తిప్పాడు, మళ్ళీ ఎత్తి చూశాడు. చార పోయింది. "అవునన్నియ్యా, ఇప్పుడు తెలస్తన్నాది" అని సంతోషంగా నవ్వాడు. నేను వాడి వీపు తట్టాను.

ఆ తర్వాత ఏడేళ్ళు రోజుకి ఎన్నిసార్లు ఎత్తాడో నాకు తెలియదు. మొదట్లో ఊపిరి బిగబట్టేవాడేమో. పనిలో మునిగిపోయిన మనిషికి ఊపిరి సంగతి ఎంతసేపు గుర్తుంటుంది? మా ఇద్దరి పేరూ విమానాలు పెట్టే హ్యాంగరంతా మోగిపోయింది. ఎక్కడ అతుకు వేసినా కనబడకూడదంటే మమ్మల్నే పిలిచేవారు.

దగ్గు మొదలైంది. సోమవారం సాయంత్రానికి మొదలై శుక్రవారానికి పెరిగేది, ఆదివారం ఊళ్ళో ఉంటే తగ్గిపోయేది. ఊరి గాలి మంచిది, విశాఖ గాలి పడటం లేదు అనుకున్నాం. మా మరదలు బీడీల మీద పడింది. రోజుకి రెండు బీడీలు కాల్చేవాడు, అవి మానేశాడు. దగ్గు మానలేదు. నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఒకసారి మాస్కు ఎత్తకురా అన్నాను. "ఎత్తకపోతే అంచు ఎలగ కలుస్తాది అన్నియ్యా?" అన్నాడు. నేను రంగు కలుపుకోవడానికి పోయాను. మర్నాడు ఒక పెద్ద పని ఉంది.

ఒక శనివారం సాయంత్రం ఆమదాలవలసలో, మా శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, వంతెన మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. జనం మా పక్క నుంచి తోసుకుంటూ పోతున్నారు. పెదవులు నీలం తిరిగాయి. "ఊపిరి అందతనేదు" అని చేత్తో సైగ చేశాడు. నలభై కూడా నిండలేదు వాడికి. ఒకప్పుడు వడ్ల బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కినవాడు.

విశాఖ పెద్దాసుపత్రిలో ఫోటోలు తీసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని చెప్పారు. పోయినంత మేర తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పారు. డాక్టరు పని ఏమిటని అడిగాడు. చెప్పాం. మాస్కు పెట్టుకునేవాడివా అని అడిగాడు. వాడు నా వైపు చూడలేదు. "పెట్టుకునీవోణ్ణండి" అన్నాడు. నేను బల్ల మీద అద్దం కింద పెట్టిన మందుల కంపెనీ క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు అదే గాలిలో ఉన్నాను కదా నాకెందుకు రాలేదని తర్వాత డాక్టర్ని విడిగా అడిగితే, కొందరి ఒంటికి అది పడదు, కొందరు తట్టుకుంటారు అన్నాడు. పైగా చివరి ఏళ్ళలో నేను దూరంగా నిలబడి చూసిన మనిషిని.

రెండేళ్ళు వాడు ఇంట్లోనే ఉన్నాడు, మంచం మీద పడుకోలేక కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. కరెంటు పోతే మా మరదలు పరుగెత్తి పక్కింటి ఇన్వర్టరు వైరు లాక్కొచ్చేది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. నేను వెళ్ళి కూర్చుంటే గోడ వైపు చూపించి, "ఆ మూల సున్నం కలవనేదన్నియ్యా" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వి, బయటికొచ్చి, చర్చి వెనక నిలబడి ఏడ్చేవాణ్ణి. ఒక రోజు మధ్యాహ్నం అన్నం కలిపి తెచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది.

మట్టి చేసిన నాలుగో రోజున కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు వచ్చాడు, చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో. కుర్చీ చివర కూర్చుని, చాలా మంచి పనివాడమ్మా అన్నాడు. తర్వాత అసలు మాటకి వచ్చాడు.

"మాస్కులు ఇచ్చామమ్మా. మీ ఆయనే తీసేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కావాలంటే అన్నగారిని అడగండి, ఆయన అక్కడే ఉన్నారు కదా."

అతను ఎన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసు. ఒక్కసారీ చెప్పలేదు. మా మరదలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తల ఎత్తి నన్ను చూసింది.

"నిజమేనా బావా? తీసీసీవోడా?"

"అవునమ్మా. తీసీవోడు."

అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది నోటికి. మిగతా సగం చెప్పడానికి నోరు తెరిచాననే అనుకుంటాను, కాని ఆమె అప్పటికే మొహం తిప్పేసుకుంది. దుఃఖం అంతా ఒక్కసారిగా కోపంలోకి తిరగడం నా కళ్ళతో చూశాను. "మాట ఇననోడు" అంది. "నన్నూ పిల్లనీ ఇలగ ఒగ్గీసి పోయేడు. మాట ఇననోడు."

ఆ రోజు నుంచి వాడికి ఇంట్లో అదే పేరు. బియ్యం అయిపోతే తిట్టేది. ఇంటి కప్పు రేకు కారితే తిట్టేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి నాకు టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని తిట్టేది. "ఊరికే మొకానికి ఏసుకోవలసింది తీసి పారేసేడు బావా. ఏటి బరువా అది? కొండ మొయ్యమన్నారా?" నేను టీ తాగేవాణ్ణి. ఇంత మంచి మనిషి, ఇన్నాళ్ళు కాపురం చేసి వాణ్ణి ఒక్క మాట అనని మనిషి, వాడు పోయాక తిట్టింది. కూతురు మొదట్లో తల్లి నోరు మూసేది. తర్వాత మూయడం మానేసింది. ఇంటర్లో చేరిన ఏడు, స్కూటీ మీద హెల్మెట్ లేకుండా పోతున్న ఎవణ్ణో చూసి, "మా నాన్న లాంటోడే" అంది. నా ముందే అంది. ఆ పిల్ల మొహం వాడి మొహమే.

వాడు పోయిన ఏడే నేను పని మానేశాను. అంతకు ముందు, వాడు మంచాన పడక మునుపు, మేమిద్దరం ఒక పాత విమానానికి పని చేశాం. దాన్ని ఎగరడం మాన్పించి, విజయనగరం దారిలో ఒక కాలేజీ ముందు దిమ్మె మీద నిలబెట్టడానికి ఇచ్చారు. ఎలాగూ ఎగరదు, మొత్తం రంగు ఖర్చు ఎందుకు, అతుకులు వేసి పంపండి అన్నారు. వేశాం. వెలిసిన రంగు ఎంత బాగా కలిపానంటే, పూర్తయ్యాక ఏ అతుకు ఎక్కడో మా ఇద్దరికే సందేహం వచ్చింది.

కిందటేడు ఒక పెళ్ళికి పోతూ బస్సులోంచి దాన్ని చూశాను. చూసి తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. అతుకులన్నీ బయటపడ్డాయి. ఒక్కటి కూడా దాగలేదు. పాత రంగు వెలవవలసినంత వెలిసి ఒక చోట ఆగింది, నేను కలిపిన రంగు అక్కడి నుంచి తన దారిన తను వెలవడం మొదలుపెట్టింది. తోక మీద ఒకటి, రెక్క మొదట్లో రెండు, కడుపు పక్కన అరచేయంత ఒకటి, అన్నీ తెల్లమచ్చల్లా లేచాయి. కాషాయం ఎప్పుడో పోయింది. వాడు మాస్కు ఎత్తి చూసి, కళ్ళు చిట్లించి, కలిపిన అంచులన్నీ విడిపోయి ఉన్నాయి. ఎన్నేళ్ళు నిలిచింది ఆ పని? గేటు దగ్గర కాపలా మనిషి వచ్చి, "ఏటి పెద్దాయనా, అలగ సూస్తన్నావు? ఇది మీదా?" అని వేళాకోళం చేశాడు. నేను దిమ్మె మీద కూర్చున్నాను. పెళ్ళికి పోలేదు. దీని కోసమా, దీని కోసమా అని ఇంటికొచ్చేదాకా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడు కూడా చెప్పలేదు. నా పిరికితనం సంగతి నేను కాకపోతే ఎవరు చెబుతారు? రేపు చెబుదాం, ఈ ఆదివారం వద్దు, పిల్ల పరీక్షలు అవనీ అని నెలలు నెట్టాను.

మా వైపు చర్చి వాళ్ళకి సమాధుల పండుగ ఉంది. దాని ముందు రోజు అందరూ సమాధుల తోటకి వెళ్ళి, గడ్డి పీకి, సమాధులకి సున్నం వేసి, సిలువ మీద పేర్లు నల్ల రంగుతో మళ్ళీ దిద్దుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ పేర్లు ఎండకీ వానకీ చెరిగిపోతాయి. ఆ ఏడే పండుగకి వారం ముందు మా మరదలు నన్ను అడిగింది.

"ఇమానాలకి ఏసీ రంగు గట్టిదంటారు కదా బావా. ఈసారి ఆయన పేరుకి అది ఎయ్యి. ఎంత తిట్టుకున్నా, ఏడాదికోపాలి ఆ పేరు సెరిగిపోతంటే సూడనేకపోతన్నాను."

వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పే ధైర్యం లేక, విశాఖ వెళ్ళి రెండు డబ్బాలూ కొని తెచ్చాను. గన్ను అక్కర్లేదు, బ్రష్షుతో వేసే పనే, తుంపర లేవదు అని నాకు నేను చెప్పుకున్నాను.

పండుగ ముందు రోజు పొద్దున్న తోటంతా సున్నం వాసన. మా మరదలు సమాధికి సున్నం వేసింది, పిల్ల చుట్టూ గడ్డి పీకింది. సిలువ ఆరాక నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చిన్న డబ్బాలో రంగు, హార్డనరు కలిపి, పేరులో రెండు అక్షరాలు రాశాను. చెయ్యి ఇంకా బాగానే ఆడుతోంది. మూడో అక్షరం మొదలుపెట్టేసరికి నా పక్కన నీడ పడింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ డబ్బా మీదికి వంగి, ఇదేనా ఆ రంగు అని చూస్తున్నారు. పిల్ల మొహం డబ్బాకి జానెడు దూరంలో ఉంది.

"ఎనక్కి జరగండి! ఆ గాలి పీల్సకండి, జరగండి!"

ఎంత గట్టిగా అరిచానంటే పక్క సమాధుల దగ్గర వాళ్ళు తిరిగి చూశారు. ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. మా మరదలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అలా పెట్టుకుని, కూతురితో మామూలుగా, రోజూ అనే మాటలాగే అంది.

"సూసేవా? మీ నాన్నకీ పెదనాన్న ఇలగే అరిసి సెప్పుంటాడు. ఇననేదు మీ నాన్న. ఇనుంటే ఇయాల మనతోటే ఉండును."

బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టాను.

"అరవనేదమ్మా" అన్నాను. "వాడికి నేను అలగ సెప్పనేదు. మాస్కు ఎత్తి సూడమని నేనే నేర్పేను. ఆ గాలి మంచిది కాదంటన్నారు అన్నియ్యా అన్నాడు. సచ్చిపోవులే అన్నాను. అంచు కలవాలని నేనే ఎత్తించేను."

ఆమె నా మొహంలోకి చూసింది. నా మాట అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను, మొదటి నుంచి, తోక మీద చార సంగతితో సహా. పిల్ల గడ్డి పీకిన చేతులు అలాగే పట్టుకుని నిలబడింది. మా మరదలు పక్క సమాధి గట్టు మీద కూర్చుంది. కొంగు ముక్కు మీద నుంచి తీసేసింది.

"అయితే ఆయన నీ మాట ఇన్నాడు" అంది.

"ఇన్నాడమ్మా."

సిలువ వైపు చూసింది. నన్ను తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాలుగేళ్ళు ఆయన్ని తిట్టేను బావా" అంది. "దీని సేత కూడా తిట్టించేను. నువ్వు ఎదురుగా కూకోని, నా సేతి టీ తాగతా, ఇన్నావు."

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆమె పిల్లని పట్టుకోలేదు. లేచి వచ్చి, బ్రష్షు తుడుచుకోవడానికి నేను రంగు కరిగించే థిన్నరులో ముంచి పెట్టుకున్న గుడ్డ తీసుకుంది. నేను రాసిన రెండు అక్షరాలూ గట్టిగా రుద్ది తుడిచేసింది. కింది సున్నం కూడా కొంత లేచిపోయింది. గుడ్డ నా చేతిలో పెట్టింది.

"ఆయన పేరు నేను రాసుకుంటాను. నువ్వు ఎల్లిపో బావా."

డబ్బాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.